నల్ల తెర మీద ఉత్తరం: నానోలో మెయిల్ రాయడం ఎలా

ఉత్తరం రాయడం ఒక పని, దాన్ని పంపడం ఇంకో పని. పోస్టు కార్డుల కాలంలో ఈ తేడా ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఇంట్లో కూర్చుని రాసేవాళ్లు, ఒకసారి చదువుకునేవాళ్లు, కొట్టివేతలు ఎక్కువైతే ఇంకో కార్డు తీసేవాళ్లు, ఆ తర్వాతే డబ్బా దాకా నడిచేవాళ్లు. మెయిల్ వచ్చాక రెండు పనులూ ఒకే పెట్టెలో ఇరుక్కున్నాయి. రాసే చోటే పంపే బటన్ ఉంటుంది, దాని పక్కనే చెరిపేసే బటన్ ఉంటుంది, సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు.

దేవరకొండలో మా ఇంట్లో కూర్చుని నాయిన పింఛను గురించి ఒక ఆఫీసు వెబ్‌సైటులో అర్జీ రాశాను. ముప్పావు గంట పట్టింది. పంపే బటన్ నొక్కగానే ‘సమయం ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి’ అని వచ్చింది. వెనక్కి వెళ్తే పెట్టె ఖాళీ. సర్వీసు తేదీలు, పాత ఉత్తరాల నంబర్లు అన్నీ మళ్లీ కాగితాల కట్ట విప్పి వెతకాలి. నాయిన పక్కనే కుర్చీలో ఉన్నాడు. ఏమీ అనలేదు, కళ్లద్దాలు పెట్టుకుని మొదటి కాగితం నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. ఆ రోజు తర్వాత ముఖ్యమైన ఉత్తరం ఏదీ నేను బ్రౌజర్‌లో రాయలేదు. నానో అనే చిన్న రాత ప్రోగ్రామ్‌లో రాస్తాను, ఫైలుగా దాచుకుంటాను, చదువుకుంటాను, అప్పుడు పంపుతాను.

ఈ పద్ధతికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు లాంటి లినక్స్ ఉంటే చాలు. రాస్తున్నంత సేపు నెట్ కూడా అక్కర్లేదు. పంపే ఒక్క నిమిషం ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇస్తే సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్తాను. ఇక్కడ కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీరు కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. నానో అంటే ఎన్, ఏ, ఎన్, ఓ. మెయిల్ పంపే ప్రోగ్రామ్ మట్ అంటే ఎం, యూ, టీ, టీ. మిగతావి ఎక్కడ అనుమానం వస్తుందో అక్కడ స్పెల్లింగ్ చెప్తాను.

నానో ఎందుకు

టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే నల్ల తెరలో, రాసుకోవడానికి ఎడిటర్లు చాలా ఉన్నాయి. విమ్ బలమైనదే కానీ అందులోకి వెళ్లిన కొత్తవాళ్లు బయటికి ఎలా రావాలో తెలియక టెన్షన్ పడతారు. నానోలో ఆ బాధ లేదు. తెరవగానే రాయొచ్చు, ఏ కీ ఏం చేస్తుందో కిందే రాసి ఉంటుంది.

ఇంకో కారణం నాకు చాలా నచ్చుతుంది. నానో పుట్టుకలోనే మెయిల్ ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పైన్ అనే మెయిల్ ప్రోగ్రామ్ తయారు చేశారు. అందులో ఉత్తరం రాసే భాగానికి పికో అని పేరు, అంటే పైన్ కంపోజర్. జనానికి ఆ రాసే భాగం ఎంత నచ్చిందంటే దాన్ని విడిగా కూడా వాడుకున్నారు. కానీ పైన్ లైసెన్స్ ప్రకారం దాన్ని మార్చి పంచుకునే స్వేచ్ఛ లేదు. అందుకే 1999లో క్రిస్ అలెగ్రెట్టా అనే ప్రోగ్రామర్ అదే తీరులో పనిచేసే స్వేచ్ఛా ఎడిటర్ రాశాడు. మొదట దానికి టిప్ అని పేరు పెట్టి, 2000లో నానో అని మార్చాడు. కొలతల్లో పికో కంటే నానో వెయ్యి రెట్లు పెద్దది, పేరు అక్కడి నుంచే వచ్చింది. అంటే మీరు దీంట్లో మెయిల్ రాస్తున్నారంటే ఆ ఎడిటర్‌ను అసలు దేనికోసం చేశారో ఆ పనికే వాడుతున్నారు.

ముందు ఫైలు తెరవండి

కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే ఉబుంటులో టెర్మినల్ వస్తుంది. సాధారణంగా నానో అప్పటికే ఉంటుంది. మెయిల్ పంపే మట్‌ను మాత్రం పెట్టుకోవాలి, ఈ ఒక్కసారికి నెట్ కావాలి. రెండూ కలిపి ఒకేసారి అడగండి: సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ నానో మట్. సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ. ఏపీటీ అంటే ఏ, పీ, టీ. పాస్‌వర్డ్ అడిగినప్పుడు మీరు కొట్టేది తెర మీద కనపడదు. కీబోర్డు పాడైందనుకోకండి, కొట్టి ఎంటర్ నొక్కండి.

ఉత్తరాలకు ఒక ఫోల్డర్ చేసుకోండి. ఎంకేడిర్ (ఎం, కే, డీ, ఐ, ఆర్), ఒక ఖాళీ, తర్వాత ఫోల్డర్ పేరు. ఆ ఫోల్డర్‌లోకి వెళ్లడానికి సీడీ, ఖాళీ, అదే పేరు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఉత్తరాలు’ అని పెట్టుకున్నాను.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ తర్వాత విషయం పెట్టండి. మధ్యలో ఖాళీలు వద్దు, చిన్న గీతలు పెట్టండి. ఇలా పెడితే ఏడాది తర్వాత చూసినా ఉత్తరాలు వరస తప్పకుండా ఉంటాయి. ‘నిరుడు జూన్‌లో ఏం రాశాం’ అని నాయిన అడిగితే పది సెకన్లలో తీసి చూపించగలను.

ఇప్పుడు నానో అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కండి.

తెర మీద ఏముంది

పైన ఒక పట్టీ. అందులో నానో వర్షన్, ఫైలు పేరు. మీరు ఒక్క అక్షరం కొట్టగానే ఆ పట్టీలో ‘మాడిఫైడ్’ అని వస్తుంది. అంటే సేవ్ కానిది ఏదో ఉందని అర్థం. లేవబోయే ముందు ఒకసారి అటు చూడడం అలవాటు చేసుకోండి.

కింద రెండు వరసల్లో కీల పట్టిక. అక్కడ టోపీ లాంటి గుర్తు కనపడితే కంట్రోల్ కీ అని అర్థం. ఎం, దాని పక్కన గీత కనపడితే ఆల్ట్ కీ అని అర్థం. ఈ రెండు గుర్తులు తెలిస్తే పుస్తకం అక్కర్లేదు. ఇంకా వివరం కావాలంటే కంట్రోల్ జీ నొక్కండి, సహాయం మొత్తం తెరుచుకుంటుంది.

మా పక్కింటి పిల్ల డిగ్రీ చదువుతోంది. మొదటిసారి ఈ తెర చూసి ‘అన్నా, మౌస్‌తో నొక్కితే కర్సర్ కదలట్లేదేంది?’ అంది. అవును, మామూలుగా కదలదు. బాణం గుర్తుల కీలతోనే కదలాలి. వరస మొదటికి కంట్రోల్ ఏ, చివరికి కంట్రోల్ ఈ. పేజీ కిందికి కంట్రోల్ వీ, పైకి కంట్రోల్ వై. వేరే చోట అతికించడానికి వాడే కంట్రోల్ వీ ఇక్కడ పేజీ జరుపుతుంది. మొదటి రెండు రోజులు అందరూ ఇక్కడే తడబడతారు.

ఉత్తరం రాయండి

ఆ పిల్లతో రాయించిన అర్జీనే ఉదాహరణగా తీసుకుందాం. వాళ్ల అమ్మమ్మ ఊరు మర్రిగూడ వైపు. ఆ ప్రాంతం నీళ్లలో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది, వంగిన నడుములే చెప్తాయి. ఇప్పుడు తాగడానికి నల్లా నీళ్లు వస్తున్నాయి. అయినా వాళ్ల వీధిలో పాత బోరు ఇంకా నడుస్తోంది. ఆ నీళ్లు పరీక్ష చేయించాలని ఆమె ఆలోచన. ఇలా రాసింది:

*అయ్యా,*

*మా వీధిలో ఉన్న పాత బోరు నీళ్లను కొన్ని ఇళ్ల వాళ్లు ఇప్పటికీ వంటకు, పశువులకు వాడుతున్నారు. ఈ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్ష చేయించుకోవాలని అనుకుంటున్నాం.*

*నమూనా ఎంత తేవాలి, ఎలాంటి సీసాలో తేవాలి, ఏ రోజు ఎక్కడ ఇవ్వాలి అనే వివరాలు తెలపగలరు.*

మొదట ఆమె రాసింది ఇంత చిన్నగా లేదు. ఊరి చరిత్ర, అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు, రాజకీయాలు అన్నీ ఉన్నాయి. అవన్నీ నిజమే. కానీ పరీక్ష చేసే చోట కూర్చున్న మనిషికి కావాల్సింది నాలుగు వరసలు. అందుకే మొదట అన్నీ రాయనిచ్చి, తర్వాత కోత పెట్టించాను. నానోలో కోతకు కంట్రోల్ కే. కర్సర్ ఉన్న వరస మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. ఆగకుండా మూడుసార్లు నొక్కితే మూడు వరసలు పోతాయి, మూడూ కలిసి ఒకే చోట దాగి ఉంటాయి. వేరే చోటికి వెళ్లి కంట్రోల్ యూ నొక్కితే అన్నీ అక్కడ దిగుతాయి. పేరా కింది నుంచి పైకి జరపడానికి ఇదే దారి.

తప్పుగా కోసేశామనిపిస్తే ఆల్ట్ యూ. చేసిన పని వెనక్కి వస్తుంది. మళ్లీ ముందుకు కావాలంటే ఆల్ట్ ఈ. ‘కొట్టేస్తే పోతుందేమో’ అన్న భయం ఉన్నవాళ్లు ఎడాపెడా రాస్తారు కానీ దిద్దుకోరు. ఆల్ట్ యూ చూపించాక ఆ పిల్ల కోత మొదలుపెట్టింది, ఉత్తరం బాగుపడింది.

లెక్క రాయాల్సి వస్తే సరిగ్గా రాయండి. తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి ఆధారం లేని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. ‘ఎక్కువ ఉంది’ అని రాసే బదులు, పాత పరీక్ష కాగితం ఉంటే అందులో ఉన్న అంకె, ఆ తేదీ రాయండి. మాట వెతకడానికి కంట్రోల్ డబ్ల్యూ. ఒకే పేరు నాలుగు చోట్ల తప్పు పడితే కంట్రోల్ కీ, వెనక్కి వాలిన గీత కలిపి నొక్కండి. పాత మాట, కొత్త మాట అడిగి మారుస్తుంది.

వరసల పొడవు గురించి కూడా కొంచెం పట్టించుకోవాలి. నానో 4.0 నుంచి మీరు ఎంటర్ కొట్టనంత వరకు పేరా మొత్తం ఒకే పొడుగు వరసగా ఉంటుంది, తెర అంచు దాటి పోతుంది. మెయిల్ ప్రమాణాల్లో వరసకు 78 అక్షరాలు మించకపోతే మంచిదని ఉంది. పాత అలవాటు 72. అవతలివాళ్లు జవాబిస్తే ప్రతి వరస ముందూ గుర్తులు చేరతాయి కాబట్టి ఆ కాస్త చోటు వదులుతారు. పేరా రాయడం అయ్యాక కంట్రోల్ జే నొక్కండి, వరసలు సమానంగా సర్దుకుంటాయి. పేరాకూ పేరాకూ మధ్య ఒక ఖాళీ వరస తప్పకుండా ఉండాలి. లేకపోతే కంట్రోల్ జే రెండు పేరాలనూ కలిపేస్తుంది, సంతకం కూడా అందులో కలిసిపోతుంది. అలా జరిగితే కంగారు పడకుండా ఆల్ట్ యూ నొక్కండి.

సేవ్ చేయడానికి కంట్రోల్ ఓ. ఫైలు పేరు చూపిస్తుంది, ఎంటర్ కొట్టండి. ప్రతి పేరా తర్వాత ఇది చేయండి. మన దగ్గర ఎండాకాలం గాలిదుమారం లేస్తే కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ ఠక్కున ఆగిపోతే సేవ్ కానిది తిరిగి రాదు. వేరే కంప్యూటర్‌లోకి నెట్ ద్వారా వెళ్లి రాస్తున్నప్పుడు లైన్ తెగితే మాత్రం కొంత ఆశ ఉంది. అప్పటిదాకా రాసినదాన్ని నానో అదే ఫైలు పేరు చివర డాట్ సేవ్ అని చేర్చి దాచడానికి ప్రయత్నిస్తుంది. మళ్లీ వెళ్లినప్పుడు ఆ ఫైలు ఉందేమో చూడండి.

బయటికి రావడానికి కంట్రోల్ ఎక్స్. సేవ్ కానిది ఉంటే అడుగుతుంది. వై అంటే సేవ్ చేసి వస్తుంది, ఎన్ అంటే వదిలేసి వస్తుంది, కంట్రోల్ సీ అంటే ఎక్కడికీ పోదు, మళ్లీ ఉత్తరంలోనే ఉంటారు.

తెలుగులో రాసేవాళ్లు ఇది తప్పక చదవండి

టెర్మినల్ ఇంగ్లీషు కోసం పుట్టింది. ఒక గడిలో ఒక అక్షరం అని దాని లెక్క. మన అక్షరాలు ఆ గడుల్లో ఒదగవు. ‘నల్లగొండ’ అని రాసి చూడండి. కళ్లకు నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఎనిమిది: న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 24. అందుకే చాలా టెర్మినళ్లలో వత్తులు పక్కకు జరిగి కనపడతాయి, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడ్డట్టు ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే. తెర మీద వంకరగా కనపడింది కదా అని దాన్ని దిద్దబోతారు. వెనక్కి నొక్కుతారు, మళ్లీ కొడతారు, అప్పటిదాకా బాగున్న ఫైలు నిజంగానే పాడవుతుంది. కనపడేది వంకర, ఫైలులో ఉన్నది సరిగ్గానే ఉంటుంది. మీ చేతులు సరిగ్గా కొట్టాయన్న నమ్మకం ఉంటే ముందుకు పోండి.

బ్యాక్‌స్పేస్ కూడా అక్షరం మొత్తాన్ని తీసేయదు, ఒక్కో ముక్కే తీస్తుంది. ‘ల్ల’ మీద ఒకసారి నొక్కితే కింది లకారం పోయి పొల్లు మిగులుతుంది. ఇంకోసారి నొక్కితే పొల్లు పోతుంది. మూడోసారికి గానీ మొత్తం పోదు. మెల్లగా, లెక్కపెట్టుకుని నొక్కండి. మాట మధ్యలో తప్పు పడితే ఆ మాట మొత్తం తీసేసి కొత్తగా కొట్టడం మేలు.

తెలుగు ఎక్కువగా రాసేవాళ్లు కాన్సోల్ (ఇంగ్లీషులో కే అక్షరంతో మొదలవుతుంది) అనే టెర్మినల్ పెట్టుకోండి, వత్తులు చాలావరకు కలిసి కనపడతాయి. ఇంకోటి, టెర్మినల్‌లో లొకేల్ (ఎల్, ఓ, సీ, ఏ, ఎల్, ఈ) అని కొట్టి చూడండి. వచ్చిన వరసల్లో యూటీఎఫ్-8 అని ఉండాలి. లేకపోతే తెలుగు బదులు ప్రశ్న గుర్తులు వస్తాయి.

పంపే ఏర్పాటు, ఒక్కసారి చేస్తే చాలు

మట్ 1995 నుంచి ఉన్న మెయిల్ ప్రోగ్రామ్, మైకేల్ ఎల్కిన్స్ రాశాడు. రాసే పని అది చేయదు, మీరు చెప్పిన ఎడిటర్‌ను పిలుస్తుంది. రాయడం వేరు, పంపడం వేరు అన్న మన లెక్కకు ఇది సరిగ్గా సరిపోతుంది.

జీమెయిల్ వాడేవాళ్లు ముందు ఒక పని చేయాలి. మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు, 2022 నుంచి గూగుల్ దాన్ని ఆపేసింది. ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్, అంటే ఇలాంటి ప్రోగ్రాముల కోసం ఇచ్చే విడి పాస్‌వర్డ్, తయారు చేసుకోండి. 16 అక్షరాలు ఇస్తుంది. దాన్ని ఎవరికీ చెప్పకండి, వాట్సాప్‌లో ఫోటో తీసి పెట్టకండి.

ఇప్పుడు నానోతోనే మట్ సెట్టింగుల ఫైలు తెరవాలి. దాని పేరు చుక్కతో మొదలవుతుంది: చుక్క, ఎం, యూ, టీ, టీ, ఆర్, సీ. అది మీ హోమ్ ఫోల్డర్‌లో ఉండాలి కాబట్టి ముందు ఒట్టి సీడీ కొట్టి అక్కడికి వెళ్లండి. అందులో ప్రతి వరసా సెట్ అనే మాటతో మొదలై, ఒక ఖాళీ, పేరు, సమానం గుర్తు, తర్వాత రెండు కొటేషన్ గుర్తుల మధ్య విలువ. ఐదు వరసలు చాలు.

మొదటిది రియల్‌నేమ్, మీ పేరు. రెండోది ఫ్రమ్, మీ మెయిల్ ఐడీ. మూడోది ఎస్‌ఎంటీపీ అండర్‌స్కోర్ యూఆర్‌ఎల్. దీని విలువ కాస్త పొడుగు: ఎస్, ఎం, టీ, పీ, ఎస్ అని కొట్టి కోలన్, రెండు వాలు గీతలు, మీ పూర్తి మెయిల్ ఐడీ, మళ్లీ ఒక ఎట్ గుర్తు, ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, కోలన్, 465. రెండు ఎట్ గుర్తులు వచ్చాయని అనుమానం వద్దు, అలాగే ఉండాలి. నాలుగోది ఎస్‌ఎంటీపీ అండర్‌స్కోర్ పాస్, ఆ 16 అక్షరాలు ఖాళీలు లేకుండా. ఐదోది ఎడిటర్. దాని విలువ: నానో, ఖాళీ, చిన్న గీత ఆర్, ఖాళీ, 72, ఖాళీ, చిన్న గీత బీ. దీంతో 72 దగ్గర వరసలు వాటంతటవే విరుగుతాయి, మాటిమాటికీ కంట్రోల్ జే నొక్కే పని తప్పుతుంది.

పాస్‌వర్డ్ ఈ ఫైలులో ఉంది కాబట్టి, ఆ కంప్యూటర్‌లో వేరే ఖాతాలు ఉన్నవాళ్లు చదవకుండా తాళం వేయాలి. సీహెచ్‌మాడ్, ఖాళీ, 600, ఖాళీ, ఆ ఫైలు పేరు. సీహెచ్‌మాడ్ స్పెల్లింగ్ సీ, హెచ్, ఎం, ఓ, డీ. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఈ ఏర్పాటు అసలు పెట్టకండి.

అడుగున మీ పేరు, ఊరు ప్రతిసారీ రాసుకోవడం విసుగు అనిపిస్తే హోమ్ ఫోల్డర్‌లోనే డాట్ సిగ్నేచర్ అనే ఫైలు చేసి అందులో రెండు మూడు వరసలు రాయండి. మట్ దాన్ని ప్రతి ఉత్తరం చివరా చేరుస్తుంది. పైన రెండు చిన్న గీతలు, ఒక ఖాళీ కనపడతాయి, వాటిని తీయకండి. ఇక్కడి నుంచి సంతకం అని అవతలి ప్రోగ్రామ్‌కు తెలిసేది వాటి వల్లే.

పంపే రోజు

ఉత్తరాల ఫోల్డర్‌లోకి వెళ్లి, మట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మెయిల్ ఐడీ కొట్టండి. ఏ ఐడీ? మొదటిసారి మీ సొంత ఐడీ. ఈ ఒక్క అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది. ముందు మనకే పంపుకుని ఫోన్‌లో తెరిచి చదివితే వత్తులన్నీ సరిగ్గా కనపడతాయి, టెర్మినల్‌లో తప్పించుకున్న తప్పులు అక్కడ దొరుకుతాయి. అవతలివాళ్లు ఎలా చూస్తారో అలాగే చూస్తాం.

‘టు’ దగ్గర ఐడీ ఉంటుంది, ఎంటర్. సబ్జెక్ట్ అడుగుతుంది. తెలుగులో కొట్టినా వెళ్తుంది. ‘అర్జీ’ అని ఒక్క మాట రాసి వదలకండి. ఊరు, విషయం రెండూ ఉండాలి: ‘మర్రిగూడ మండలం, బోరు నీటి ఫ్లోరైడ్ పరీక్ష గురించి’. సబ్జెక్ట్ ఖాళీగా వదిలితే ఆపేయాలా అని మట్ అడుగుతుంది.

ఆ తర్వాత నానో తెరుచుకుంటుంది. సంతకం పెట్టుకుని ఉంటే అది ముందే అందులో ఉంటుంది. కర్సర్ పైన ఉండగా కంట్రోల్ ఆర్ నొక్కండి. ఏ ఫైలు తేవాలని అడుగుతుంది. మీరు రాసి పెట్టుకున్న ఉత్తరం పేరు కొట్టండి, గుర్తు లేకపోతే కంట్రోల్ టీ నొక్కి జాబితాలో ఎంచుకోండి. ఉత్తరం మొత్తం దిగుతుంది. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. ఇక్కడ ఫైలు పేరు ఏదో వింతగా చూపిస్తుంది, అది మట్ తాత్కాలికంగా చేసుకున్నది. దాన్ని మార్చకండి. సేవ్ చేయకుండా బయటికొస్తే మార్పేమీ లేదనుకుని మట్ ఆ మెయిల్‌ను అక్కడే ఆపేస్తుంది. అలా జరిగినా మీ అసలు ఫైలుకు ఏమీ కాదు, మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు ఉత్తరం ఇంకా గడప దాటలేదు. కవర్ మీద అడ్రస్ చూసుకునే చోటులాంటి తెర వస్తుంది. ‘టు’ మార్చాలంటే టీ, సబ్జెక్ట్ మార్చాలంటే ఎస్, ఇంకెవరికైనా నకలు పంపాలంటే సీ, ఉత్తరంలోకి మళ్లీ వెళ్లాలంటే ఈ. కాగితం జత చేయాలంటే ఏ నొక్కి ఫైలు పేరు ఇవ్వండి. జీమెయిల్‌లో 25 ఎంబీ హద్దు. దారిలో జత చేసిన ఫైలు మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది కాబట్టి మీరు 18 ఎంబీ దగ్గరే ఆగడం మంచిది. ఫోన్‌తో తీసిన ఆధార్ ఫోటోలు నాలుగు పెట్టి నెట్‌ను తిట్టుకునే కంటే, ముందే సైజు తగ్గించుకోండి.

అంతా సరే అనుకుంటే వై. వెళ్లిపోతుంది.

ఇప్పుడే వద్దు, నాయినకు ఒకసారి చదివి వినిపించి పంపుదాం అనుకుంటే పెద్ద పీ నొక్కండి, అంటే షిఫ్ట్‌తో. పంపకుండా దాచిపెడుతుంది. రేపు మట్, ఖాళీ, చిన్న గీత పీ అని కొడితే, ఈసారి చిన్న పీ, ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. పింఛను ఉత్తరాలన్నీ నేను ఒక రాత్రి ఇలాగే ఉంచుతాను. పొద్దున చదివితే కోపంతో రాసిన వరస ఒకటైనా కనపడుతుంది.

మీ ఫోన్‌లో చదివి తృప్తి పడ్డాక ఇదే పని మళ్లీ చేయండి, ఈసారి అసలు ఐడీతో. ఉత్తరం ఫైలులోనే ఉంది కాబట్టి కంట్రోల్ ఆర్ ఒక్కటే నొక్కాలి, మళ్లీ రాసేదేమీ లేదు. తప్పు కనపడితే ముందు అసలు ఫైలులో దిద్దండి, తర్వాత తెచ్చుకోండి. మెయిల్‌లో మాత్రమే దిద్దితే ఆర్నెల్ల తర్వాత మీ దగ్గర తప్పు నకలు మిగులుతుంది.

పంపిన ప్రతిదాని నకలు హోమ్ ఫోల్డర్‌లో సెంట్ అనే ఫైలులో చేరుతుంది. తేదీ, సమయం అందులోనే ఉంటాయి. ‘మీ మెయిల్ మాకు రాలేదు’ అని ఎవరైనా అంటే చూపించడానికి అది పనికొస్తుంది.

జవాబు వస్తే దాన్ని కూడా కాపీ చేసి అదే ఫోల్డర్‌లో పెట్టండి, అదే విషయం పేరుతో, వచ్చిన తేదీతో. ఆ పిల్లకు జవాబు వచ్చిన సాయంత్రం మా ఇంటికి వచ్చి, నన్ను అడగకుండానే టెర్మినల్ తెరిచి, ఫైలు పేరు ముందు సంవత్సరం కొట్టింది. నమూనా ఏ రోజు తేవాలో అందులో రాసి ఉంది. ‘అన్నా, సీసా లీటరుదైతే చాలంట’ అంది.